ఆడపడుచు ముక్క

మెదాన్,
మార్చి 1988.

తమ్ముడు సాహత్‌కి అక్క లమ్రియా రాస్తున్నది.

హోరాస్, చల్లగా ఉండు! మేం బాగున్నాం, మీరూ బాగానే ఉండి ఉంటారు. ఆ ముచ్చట అక్కడితో సరి. అసలు సంగతి చెప్పకపోతే నా కడుపు పగిలేలా ఉంది.

మొన్న మా చర్చిలో 'తలాంతుల ఆదివారం' చేశారు. యజమాని ఇచ్చిన తలాంతు డబ్బును మట్టిలో పాతిపెట్టిన పనివాడి సంగతి పాస్టరుగారు గంటసేపు చెప్పి, "దేవుడు మీకిచ్చిన నేర్పే మీ తలాంతు, ఎవరిది ఏమిటో లేచి చెప్పండి, ఏడాదంతా దానితో సేవ చెయ్యండి" అన్నారు. అంతే, సంతలో కోళ్ళ గంప మూత తీసినట్టయింది. బట్టల కొట్టు యజమాని భార్య లేచి పాట పాడింది. ఆ రాగం ఆవిడకీ దేవుడికీ మాత్రమే తెలుసు, దేవుడికి కూడా అనుమానమే. ఒకాయన "నాది దీర్ఘప్రార్థన తలాంతు" అని చెప్పి ఊరుకోకుండా అక్కడికక్కడే చేసి చూపించాడు. ఇంకొకావిడ తన చిరునవ్వే తన తలాంతట. ఈస్టరుకి ముందు ఎవరు పాడాలని మూడు పాటల బృందాలు మెట్లమీదే జుట్లు పట్టుకున్నంత పని చేశాయి. చర్చి వెనక సందులో మంచాన పడ్డ ముసలమ్మకి పక్క మార్చే తలాంతు మాత్రం ఒక్కరికీ రాలేదు. ఛీ, నాకు రోత పుట్టింది తమ్ముడూ. నన్నూ అడిగారు. "తిట్టడం" అన్నాను. పాస్టరుగారు నవ్వారు, పళ్ళు మాత్రమే.

మన ఇంట్లో తలాంతంటూ ఉంటే అది నీ చేతికి వచ్చింది. నాన్న కత్తి నీకిచ్చి మంచి పని చేశాడు. కోసిన పందిలో తల కోడళ్ళ పుట్టింటివారిది, పక్కటెముకలు పాలివాళ్ళవి, మెడ ఆడపడుచుది. విందులో ఒక్క ముక్క తారుమారైతే మూడు తరాలు మాటలు మానేసే జాతి మనది. ముక్క అందనివాడు మనిషి కింద లెక్కే కాదు. నువ్వు కత్తి పట్టాక ఒక్కరైనా మూతి ముడుచుకుని వెళ్ళారా? అదీ తలాంతంటే.

నవంబరులో మన ఊరి చర్చి నూరేళ్ళ పండుగ కదా. పంది నువ్వే కొయ్యాలి, వేరే చెయ్యి పడితే ఒప్పుకోను. మెదాన్ నుంచి ఆ బస్సులో దారిపొడుగునా వాంతులు చేసుకుంటూనైనా వస్తాను. నా మెడ ముక్క నాకు దక్కాలి.

మరదలు రూలియాని అడిగానని చెప్పు.

నీ అక్క,
లమ్రియా

*

లుంబాన్ రియా,
ఈస్టరు తర్వాత.

అక్కా,

నీ ఉత్తరం రూలియాకి చదివి వినిపించాను. దీర్ఘప్రార్థన ఆయన దగ్గర పొయ్యిమీది అన్నం మాడిపోయేదాకా నవ్వింది. తిట్టడం కూడా సేవేనని పాస్టరుగారితో చెప్పు. నాన్న ఉండి ఉంటే ఒప్పుకునేవాడు.

నా సంగతి ఒకటి చెప్పాలి. ఈ మధ్య నేను వాగవతలికి వెళ్తున్నాను. ఏదో పనుంటుంది అక్కడ. చిన్నప్పుడు మనల్ని "అటు చూడకండి" అని అమ్మ కొంగుతో కళ్ళు మూసేది, ఆ పేటే. పాత కుష్ఠురోగులు ఇంకా నలభై మంది దాకా ఉన్నారు. మందులు వాడి నయమైపోయి ఏళ్ళయింది. అయినా ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. రమ్మన్నవాళ్ళు లేరు.

ఈస్టరు నాడు వాళ్ళ పండుగ చూశాను. పందిని చంపి, మొత్తం తరిగి ఒకే డేగిసాలో పోసి, గరిటెతో గిన్నెల్లో వడ్డించుకున్నారు. ఎవరికి ఏది వచ్చిందో ఎవరికీ తెలియదు. చెబితే నమ్మవు, నేను మొహం తిప్పుకున్నాను. వాళ్ళ వేళ్ళు చూసి కాదు. పిలవకుండా, పేరు లేకుండా మాంసం గిన్నెలో పడుతుంటే, పశువులకి కుడితి పోసినట్టుంది. "ముక్కలు పంచుకోరా?" అని అడిగాను. "ఎవరికి ఏ వరసని పంచుతావు నాయనా? మాకు వరసలెక్కడివి?" అన్నారు.

తర్వాతి ఆదివారం కత్తి పట్టుకుని వెళ్ళాను, ఒక పంది పిల్లని కూడా తోలుకుని. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగాను. నీది ఏ వంశం, నీ తల్లి ఎవరి బిడ్డ, ఏ ఊరు. చాలామంది పేర్లు మార్చుకున్నారు, ఇంటివాళ్ళకి తలవంపులు తేకూడదని. తియోమిన్ అనే ముసలావిడ ఉంది. వేళ్ళు లేవు, అరచేతులే. "నేను చచ్చిపోయానని మావాళ్ళు ఊరంతటికీ అన్నం పెట్టేశారు. చచ్చినదాని వంశం నీకెందుకు?" అంది. బతిమాలగా బతిమాలగా తండ్రి పేరు చెప్పింది. అక్కా, ఆవిడ మన తాతగారి తమ్ముడి కూతురు. నాన్నకి చెల్లెలు, మనకి మేనత్త!

లేచి నిలబడి గట్టిగా పిలిచాను. "తియోమిన్, లుంబాన్ రియా ఆడపడుచు! మెడ ముక్క నీది!" రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. తినలేదు. ఇంటికి తీసుకెళ్ళి వసారాలో తాడుకి వేలాడదీసింది. వచ్చేపోయేవాళ్ళకి చూపించుకోడానికట. మూడో నాటికి కంపు. పక్కింటివాళ్ళు తిట్టిపోస్తే అప్పుడు పాతిపెట్టింది. "ఇంకొకటి కోస్తావుగా?" అంది నాతో.

కోస్తూ కోస్తూ వేలు కొంచెం తెగింది. మాంసం మరీ ఎర్రబడ్డాక గాని చూసుకోలేదు. వయసు మీద పడుతోంది, ఏం చేస్తాం. ఎండలో తిరుగుడు వల్ల నల్లబడ్డాను కూడా.

బావగారికి వందనాలు.

సాహత్

*

మెదాన్,
జూన్.

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకి మేనత్త దాకా చదివి చేతికిచ్చేశాను, మిగతాది ఆయనే చదివాడు. నాన్నకి ఒక చెల్లెలుందని చచ్చేదాకా ఆయన మనకి చెప్పలేదు చూడు. పోయినవాళ్ళని అనకూడదంటారు. నేను అంటాను.

ఊరుకోలేక ఆ సంగతి మా పాటల బృందంలో చెప్పాను. తలాంతంటే ఇదీ అని కాస్త సిగ్గు తెద్దామనుకున్నాను. వాళ్ళ మొహాలు చూడాలి నువ్వు! ఒకావిడ చేతిలోని అరిసె మెల్లగా పళ్ళెంలో పెట్టేసింది. చిరునవ్వు తలాంతావిడ నవ్వు ఎటుపోయిందో తెలియదు. "మీ తమ్ముడు తర్వాత చేతులు బాగా కడుక్కుంటాడా?" అని ఇంకొకతె. నేను అన్నాను, "కడుక్కుంటాడమ్మా, మీలాంటివాళ్ళతో చెయ్యి కలిపాక." లేచి వచ్చేశాను. దారంతా ఒళ్ళు కంపరమెత్తిపోయింది. ప్రభువు వాళ్ళని ముట్టుకున్నాడని పాటలు పాడే నోళ్ళే ఇవి!

నువ్వు పంపిన పొగబెట్టిన మాంసం ఇవాళ్టితో అయిపోయింది. కండక్టరు చేత ఇంకొంచెం పంపు. అందాలిమాన్ మిరియం ఎక్కువ వెయ్యి. ఇక్కడ దొరికేది గడ్డి.

కత్తి జాగ్రత్త. కళ్ళజోడు పెట్టుకో.

లమ్రియా

*

లుంబాన్ రియా,
ఆగస్టు.

అక్కా,

ఆలస్యమైంది, ఏమనుకోకు. రాయాలని లేకపోయింది.

కిందటి వారం రూలియా పినతండ్రి కూతురి పెళ్ళి. అలవాటుగా నేనే కోశాను, నేనే పంచాను. అందరూ తీసుకున్నారు, వందనాలు చెప్పారు, సంచుల్లో వేసుకున్నారు. నేను కత్తి కడగడానికి చెరువు వైపు వెళ్ళేసరికి దారిపక్క కాలవలో సంచులు. కట్టిన ముడి కూడా విప్పలేదు. మన పాలివాళ్ళ ముక్కలు, పుట్టింటివారి ముక్కలు, అన్నీ ఒకచోట. కుక్కలు పంచుకుంటున్నాయి, వాటికి వరసలు లేవు కదా.

మర్నాడు సంఘపెద్ద జావులుంగ్ చిన్నాన్న వచ్చాడు. కాఫీ ఇస్తే గ్లాసు చేతికి తీసుకుని కింద పెట్టాడు. ముట్టలేదు.

"ఒరే సాహత్, నువ్వు చేసేది గొప్ప సేవే. కాదని ఎవడంటాడు?" అన్నాడు.

"మరి కాఫీ తాగు చిన్నాన్నా."

"కడుపు బాలేదురా. అది కాదు గాని, నూరేళ్ళ పండుగకి కొత్త కుర్రాడెవడైనా నేర్చుకుంటాడేమో చూద్దాం. నువ్వు విశ్రాంతి తీసుకో."

"తలాంతు పాతిపెట్టమంటున్నావా?"

"మాటకి మాట అనకు. నీ తలాంతు నీకే ఉంది, వాగవతల వాడుకో. జనం ఏవగించుకుంటున్నారు, నేనేం చెయ్యను? రాజధాని నుంచి పెద్దలొస్తున్నారు. వాళ్ళ ముందు ముక్కలు కాలవలో పడితే ఊరికి మర్యాదేనా?"

ఊరికి మర్యాద. కాఫీ రూలియా తీసి పారబోసింది, గ్లాసుతో సహా.

నువ్వు వచ్చి పోట్లాడకు. ఊరికే చెబుతున్నాను.

సాహత్

*

మెదాన్,
ఉత్తరం అందిన రోజే.

సాహత్,

పోట్లాడకూడదా? నేను లమ్రియాని!

జావులుంగ్ చిన్నాన్న కడుపు బాలేదా? పెళ్ళిలో మూడు గిన్నెల సక్సాంగ్ పంది కూర లాగించే కడుపు అది, దానికేం రోగం! నీకు తోచలేదు గాని వాడి మొహాన ఆ కాఫీ పోయాల్సింది. దేవుడి పేరు చెప్పుకుని బతికే కుళ్ళు మనుషులు. తలచుకుంటే వాంతి వస్తోంది నాకు. కుష్ఠు వాగవతల లేదురా, ఇవతలే ఉంది. వీళ్ళకి మందు కూడా లేదు.

విను. పండుగకి నేను వస్తున్నాను. ఎవడు కోసినా సరే, నువ్వు నీ చేత్తో ఒక మెడ ముక్క కోసి ఉంచు. సంఘమంతా చూస్తుండగా, రాజధాని పెద్దల ముందు, నీ చేతిలోంచి తీసుకుని అక్కడే నిలబడి తింటాను. ఎముక కూడా వదలను. నీ చేతి ముక్క తినకపోతే నేను మన నాన్న కూతుర్నే కాదు.

లమ్రియా

*

లుంబాన్ రియా,
సెప్టెంబరు.

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందరి ముందు అలా నిలబడతానన్నావు కాబట్టి, నిలబడే ముందు ఒక మాట నీకు తెలియాలి. తెలియకుండా తింటే అది నేను నిన్ను మోసం చేసినట్టు.

వాగవతల 'పనుంది' అన్నానే, ఆ పని మాత్రలు తెచ్చుకోవడం. ఫిబ్రవరిలో వీపు మీద ఒక మచ్చ కనబడింది. గిల్లితే తెలియలేదు. ఎడమచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు కూడా మొద్దుబారాయి. ఆనాడు వేలు తెగితే తెలియకపోవడం అందుకే. నలుపు కూడా ఎండ వల్ల కాదు, మందు వల్ల. నెలకోసారి మింగే మాత్రకి మూత్రం ఎర్రగా వస్తుంది. మొదటిసారి చూసుకుని ప్రాణం పోయిందనుకున్నాను.

డాక్టరమ్మ మంచిది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇది ఇంకొకరికి అంటదని చెప్పింది, రూలియాని కూడా పిలిచి చెప్పింది. రెండేళ్ళు మానకుండా మింగాలి, అంతే. రూలియా నా పక్కనే పడుకుంటోంది, నా కంచంలోనే తింటోంది. ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. తెలియకుండానే సంచులు కాలవలో వేశారు, తెలిస్తే ఏం వేస్తారో.

నేను వాళ్ళకి సేవ చెయ్యడానికి వెళ్ళానని నువ్వు అందరికీ చెప్పుకున్నావు. నేను మందుకోసం వెళ్ళాను అక్కా. కత్తి తర్వాత తీసుకెళ్ళాను.

తెలిసి తిను.

నీ తమ్ముడు,
సాహత్

*

మెదాన్,
అక్టోబరు చివర.

ప్రియ సహోదరుడు సాహత్‌కి,

నీ ఉత్తరం అందింది. వెంటనే జవాబు రాయలేకపోయాము, క్షమించగలవు. దేవుడు నీకు సహనమూ ఆరోగ్యమూ ఇవ్వాలని మా ప్రార్థన బృందంలో, పేరు చెప్పకుండా, ప్రార్థిస్తున్నాము.

పండుగకి రావాలని ఎంతో ఉన్నది. కాని పిల్లలకి పరీక్షలు దగ్గరపడ్డాయి. మీ బావగారికి నడుము నొప్పి, బస్సు ప్రయాణం పనికిరాదన్నారు.

వానలు ఎక్కువగా ఉన్నవి కనుక మాంసం పంపవద్దు, దారిలో పాడవుతుంది. నువ్వు కిందటేడు ఇచ్చిన ఎర్ర ఉలోస్ శాలువాకి చిమటలు పట్టాయి, అందుకని పెట్టెలో పెట్టాను. ఒక చొక్కా పంపుతున్నాను, కొలత సరిపోతుందనుకుంటాను.

రూలియాకి మా శుభాకాంక్షలు.

ఇట్లు,
లమ్రియా

*

లుంబాన్ రియా,
నవంబరు.

అక్కా,

చొక్కా సరిపోయింది.

పండుగ అయింది. కొత్త కుర్రాడు తలని అడ్డంగా నరికాడు. పుట్టింటివారికి చెవి ఒకటే వెళ్ళింది. వాళ్ళు పళ్ళెం తిరగేసి లేచిపోయారు. పక్కటెముకల కోసం రాజధాని పెద్దలూ మన పాలివాళ్ళూ మైకులో తిట్టుకున్నారు. నేను వెనక బల్లమీద కూర్చున్నాను. నవ్వు రావలసింది, రాలేదు. మధ్యలో లేచి ఇంటికి వెళ్ళి కత్తి తీసుకుని వాగు దాటాను.

అక్కడ మేమూ ఒకటి కోశాం. అందరినీ పిలిచాను. ఆఖరున మెడలో ఒక ముక్క మిగిల్చి పిలిచాను. "లమ్రియా, లుంబాన్ రియా ఆడపడుచు, మెదాన్‌లో ఉంటుంది!"

"రాలేదుగా?" అన్నాడు ఒకాయన.

తియోమిన్ అత్త గయ్‌మంది. "రాకపోతే ఏం? మనిషి రాలేదని వరస పోతుందా? నేను బతికుండగా నా పేరు పిలవడం మానేశారు చూడు, అలా చేస్తావా? పిలువురా సాహత్, ఇంకోసారి పిలు, గట్టిగా!"

ఇంకోసారి పిలిచాను.

ముక్క పొగబెట్టి, అరిటాకులో చుట్టి కండక్టరు చేతికిచ్చాను. వద్దన్నావు, గుర్తుంది. నువ్వు తింటావని పంపడం లేదు. అది నీది, నా దగ్గర ఉంచుకునే హక్కు నాకు లేదు. కుక్కకి వేసినా నీ ఇష్టం.

సాహత్

*

మెదాన్,
డిసెంబరు.

తమ్ముడూ,

పొట్లం వచ్చింది. కండక్టరు చేతికివ్వబోతే, "అక్కడ పెట్టు" అని వసారా గట్టు చూపించాను. ఆ రోజంతా అక్కడే ఉంది. దాన్ని దాటాలంటే చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని దాటాను. నీకు చెప్పకూడదు గాని, చెబుతాను. పిల్లి వచ్చి పట్టుకుపోతే బాగుండునని చూశాను. దిక్కుమాలిన పిల్లి, ఎప్పుడూ లేనిది ఆ రోజే రాలేదు.

మీ బావ బడి నుంచి వచ్చి అడిగాడు. "ఏమిటది?"

"సాహత్ పంపాడు."

"మరి లోపల పెట్టవే?"

ఆయన నా మొహంలోకి చూశాడు. "అరిసె పళ్ళెంలో పెట్టేసిందన్నావే ఒకావిడ, ఆవిడ మొహం ఇలాగే ఉండి ఉంటుంది" అన్నాడు. అంతే అన్నాడు. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. లోపలికి వెళ్ళి అద్దంలో చూసుకున్నాను. ఛీ! ఎంత రోత మొహమో తమ్ముడూ. జావులుంగ్ చిన్నాన్న నయం, కనీసం గ్లాసు చేతికైనా తీసుకున్నాడు. నీ సంగతి తెలిసిన రోజున నేను ఇంట్లో చెంచాలన్నీ వేణ్ణీళ్ళలో ఉడకబెట్టాను. ఉలోస్‌కి చిమటలూ లేవు, పాడూ లేదు. ఆ పెట్టె తాకినప్పుడల్లా సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

పొట్లం విప్పాను. మొదటి ముక్క నోట్లో పెట్టుకుంటే గొంతులోకి దిగలేదు. పెరట్లోకి పరిగెత్తి కక్కేశాను. మీ బావ గుమ్మంలో నిలబడి, "ఇంకా ఉంది కదా" అన్నాడు. నీళ్ళతో నోరు పుక్కిలించి రెండోది పెట్టుకున్నాను. అదీ తిప్పింది గాని పట్టు వదల్లేదు. ఏడుస్తూ నమిలాను, తిట్టుకుంటూ నమిలాను, ముక్కు కారుతూ నమిలాను. చూసేవాళ్ళుంటే అసహ్యించుకునేవాళ్ళే. ఎముక దాకా తిన్నాను. ఉప్పెక్కువేశావు. అందాలిమాన్ మాత్రం బాగుంది. తిన్నాక చెయ్యి కడుక్కోలేదు.

సంఘమంతా చూస్తుండగా తింటానన్నాను. వంటింట్లో తిన్నది దానికి చాలదు, నాకు తెలుసు. క్రిస్మస్‌కి వస్తున్నాం. ఊరి చర్చికి కాదు, వాగవతలికి. ఎర్ర ఉలోస్ కప్పుకుని వస్తాను. మొహం ఎలా పెట్టుకుని వస్తానో తెలియదు. తియోమిన్ అత్త నన్ను రెండు తిట్లు తిట్టనీ, నా తలాంతు ఎవరి దగ్గర్నించి వచ్చిందో తెలుస్తుంది.

మీ బావ కోపంగా ఉన్నాడు, నీ మీద. "ఇంటల్లుణ్ణి, నా వాటా ఏది? నా పేరెందుకు పిలవలేదు మీ తమ్ముడు?" అంటున్నాడు. నడుము నొప్పి కూడా లేదు ఆయనకి.

నేను వాగు దాటాక ముందుగా పలకరించకు. నాకు మాటలు రావు. కత్తి కడుక్కుని, నిలబడి, గట్టిగా పిలు.

లమ్రియా